గంటకు ఆరు వందల కిరణాల లోటు

గంటకు ఆరు వందల కిరణాలు తగ్గినందుకు సంజాయిషీ చెప్పుకోమని మెమో అందుకున్న మనిషి, నాకు తెలిసి, ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన జమాల్ సాబ్. అనంతపురంలో మేమిద్దరం ఒకే కాలేజీలో పనిచేశాం. నేను కింద తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. ఆయన పైన, మిద్దె మీది గదిలో, ఆకాశం నుంచి వచ్చేవాటిని లెక్కపెట్టేవాడు. పోయిన బక్రీదుకు వారం ముందు కన్నుమూశాడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ నేను రాయకపోతే బయ్యన్న రాస్తాడేమోనని భయం. బయ్యన్న మా కాలేజీ హెడ్ క్లర్కు. ఆ మెమో రాసిన చెయ్యి ఆయనదే.

జమాల్ సాబ్ బుక్కరాయసముద్రం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పొట్టి మనిషి. గేటు దగ్గర సైకిలు దిగి, ఆఫీసు గోడ గడియారాన్ని తన చేతి వాచీతో సరిచూసి, తేడా ఉంటే తల అడ్డంగా ఊపి, ఆ తరువాతే మాకు సలాం పెట్టేవాడు. కాలేజీకి రాకముందు రేడియోలు బాగుచేసేవాడు. అంతకు ముందు చేసిన పని గురించి కాసేపాగి చెబుతాను, ఎందుకంటే కథంతా దాంట్లోనే ఉంది.

మిద్దె మీది గదిలో ఒక పెట్టె. మా భౌతికశాస్త్రం సారు శ్రీరంగప్ప 1998లో కట్టించినది. బీరువాను పడుకోబెట్టినట్టు ఉండేది. ఎక్కడో నక్షత్రాల దగ్గర పుట్టిన కాస్మిక్ కిరణాలు వచ్చి పైన గాలిని గుద్దుకుంటాయట. అప్పుడు పుట్టే తునకలు మిద్దెను, మనిషిని, బల్లను దాటుకుని నేలలోకి పోతాయట. పెట్టెలో మూడు వరుసల గొట్టాలు. ఒక తునక మూడు వరుసలనూ దాటితే ముందున్న అంకె ఒకటి పెరుగుతుంది. రోజుకు నాలుగుసార్లు ఆ అంకె చూసి, గంటకు ఎన్ని వచ్చాయో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టడం జమాల్ సాబ్ ఉద్యోగం. గంటకు పన్నెండు వేల నూరు, కొంచెం అటూ ఇటూ.

"ఇప్పుడు నీ తలకాయలో నుంచి కూడా పోతాండాయి అయ్యవారూ" అన్నాడు నేను మొదటిసారి పైకి ఎక్కినప్పుడు.

"నాకేమీ తెలీడం లేదే."

"నీ పాఠం పిల్లోళ్ళ తలకాయల్లో నుంచి పోయినప్పుడు వాళ్ళకేమన్నా తెలుస్తాండాదా?"

ఆ రోజు నుంచి మేము స్నేహితులం.

ఇక ఆ పాత సంగతి. 1991లో జమాల్ సాబ్ కదిరి దిక్కున ఒక మండలంలో, పేరెందుకులే, వాన గేజి చూసే పనిలో ఉండేవాడు. మా జిల్లాలో వాన గేజి అంటే చిన్న వస్తువు కాదు. దాంట్లో పడిన నీళ్ళను బట్టి మండలం కరువు జాబితాలో ఉంటుందో లేదో తేలుతుంది. జాబితాలో పేరుంటే పశువులకు మేత వస్తుంది, మనుషులకు పని వస్తుంది. అందుకని గేజి చూసే మనిషి చెడ్డ సంవత్సరాల్లో కొంచెం కళ్ళు చికిలించి చూడాలని ఎక్కడా రాయని మర్యాద ఒకటుంది. జమాల్ సాబ్‌కు ఆ మర్యాద అబ్బలేదు. ఒక పొద్దున గేజిలో నలభై రెండు మిల్లీమీటర్లు కనపడ్డాయి. నలభై రెండు రాశాడు. చుట్టుపక్కల మండలాలన్నీ కరువు జాబితాలోకి ఎక్కాయి, ఈ ఒక్కటి తప్ప.

ఆ పైన ఆయనకు ఆ ఊర్లో టీ పుట్టలేదు. "నలభై రెండు మిల్లీమీటర్లు కురిసింది గదా సాబూ, పోయి ఆ నీళ్ళు తాగుపో" అన్నాడట హోటలాయన. తాత్కాలికపు ఉద్యోగం, నెల తిరక్కుండానే ఊడింది. తొమ్మిదేళ్ళయినా ఆ మాట వస్తే జమాల్ సాబ్ ఒకటే అనేవాడు: "నలభై రెండు ఉండె. నేను చూసినా. రాసినా." ఈ కథ విన్నాకే శ్రీరంగప్ప సారు ఆయన్ను వెతికించి మరీ తెచ్చుకున్నాడు.

2000 జులై మూడో వారం. శ్రీరంగప్ప సారు కంటి ఆపరేషనుకు బెంగళూరు పోయి ఉన్నాడు. ఆదివారం పొద్దున జమాల్ సాబ్ అంకె చూశాడు. గంటకు పదకొండు వేల ఐదు వందలు. వైర్లు కదిపి చూశాడు, గొట్టాలు తుడిచాడు. మళ్ళీ చూశాడు. అంతే. రాసి సంతకం పెట్టాడు.

సోమవారం ప్రిన్సిపాల్ సంతకానికి రిజిస్టరు కిందికి వచ్చింది. ఆ నెలాఖరుకు కాలేజీకి తనిఖీ ఉంది. ప్రిన్సిపాల్ కామర్సు మనిషి. ఏ పుస్తకంలోనైనా అంకె తగ్గితే ఆయనకు చెమట పట్టేది. ఆయన పక్కన బయ్యన్న నిలబడి ఉన్నాడు, నేను సెలవు చీటీ ఇవ్వడానికి పోయి ఇరుక్కున్నాను.

"ఆరు నూర్లు యాడికి పోయినాయి సాబూ?" అన్నాడు బయ్యన్న.

"యాడికీ పోలేదన్నా. రాలేదు."

"రాకపోవడమేంది? పోయిన వారం వచ్చినాయి గదా?"

"పోయిన వారం వచ్చినాయి. ఈ వారం రాలేదు."

ప్రిన్సిపాల్‌కు ఆశ పుట్టింది. "నిన్న చంద్రగ్రహణం గదప్పా. దాని వల్ల ఏమన్నా..."

"గ్రహణం నిన్న సాయంత్రం సార్. ఇవి అంతకు ముందు రాత్రికే తగ్గినాయి."

"ఎండలు చూస్తే మండిపోతాండాయి. ఎండ ఎక్కువుంటే కిరణాలు ఎక్కువ రావాల గదా?"

"అది నాకు తెలీదు సార్. రాలేదు, అంతే."

బయ్యన్న చెడ్డవాడు కాదు. ఆయన ప్రపంచమంతా స్టాకు రిజిస్టరు. గాజు గ్లాసు పగిలితే 'పగిలినవి' అని ఒక గడి ఉంది, సుద్దముక్కలు ఎలుకలు తింటే దానికొక గడి ఉంది. ఈ ఆరు నూర్లను ఏ గడిలో రాయాలో ఆయనకు తోచలేదు. తోచనప్పుడు మెమో ఇవ్వడం ఆయన పద్ధతి. మధ్యాహ్నానికి టైపయి వచ్చింది: 'మీ అధీనంలోని యంత్రము నందు గంటకు సుమారు ఆరు వందల కిరణముల లోటు కనబడినందున, దానికి మీరెందుకు బాధ్యులు కారో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' మరునాడు గది తాళంచెవి కూడా తీసుకున్నారు. తనిఖీ అయ్యేదాకా రిజిస్టరు బయ్యన్నే రాస్తాడని ఉత్తర్వు. బయ్యన్నకు మోకాళ్ళ నొప్పి. ఆయన మెట్లెక్కలేదు. బల్ల దగ్గరే కూర్చుని, పూటపూటకూ పన్నెండు వేల నూరు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

ఆ శుక్రవారం నేను బుక్కరాయసముద్రం పోయాను. జమాల్ సాబ్ మంచం మీద కూర్చుని మెమోను పదోసారి చదువుతున్నాడు. ఆయన భార్య హబీబా, కణేకల్లు ఆడబిడ్డ, నోరు గట్టిదే కానీ మనసు మెత్తనిది, నాకు టీ ఇచ్చి గడప మీద కూర్చుంది.

"ఇది రెండోసారి అయ్యవారూ" అన్నాడాయన. "ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఒకసారి ఊరిడిసినా. ఆ దినం నలభై రెండు ఉండె. ఈ దినం పదకొండు వేల ఐదు నూర్లు ఉండె. నా కండ్లు అబద్ధం చెప్పవు."

హబీబా కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమయ్యా" అంది. "ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు."

"చెప్పు."

"ఆ వాన గేజి చుట్టూ కంచె ఉండె గదా."

"ఉండె."

"ఆ ముందు దినం నేను మన పెద్ద బొంత ఉతికినా. యాడ ఆరేయాలో తెలీక ఆ కంచె మీద ఏసినా. పిండలా. అంత బరువు బొంత నా చేత యాడయితుంది? పొద్దు మునిగేదాకా అది గేజి మీదే కారుతా ఉండె."

జమాల్ సాబ్ పెదాలు కదులుతున్నాయి. లెక్క వేస్తున్నాడు.

"పక్క మండలంలో ఆ రాత్రి ఆరు మిల్లీమీటర్లు" అన్నాడు చివరికి. "అంటే ఆరు మిల్లీమీటర్లు వాన. ముప్పై ఆరు మిల్లీమీటర్లు బొంత."

"మరి తొమ్మిదేండ్లు చెప్పలేదేమమ్మా?" అన్నాను నేను.

"ఎట్ల చెప్పేదన్నా? ఈయన దినామూ నలభై రెండు, నలభై రెండు అని గుండెలు కొట్టుకుంటాంటే!"

నాకు నవ్వు ఆగలేదు. హబీబాకు కూడా ఆగలేదు. జమాల్ సాబ్ మాత్రం నవ్వలేదు. ఆయనకు జరిగింది నాకు కాస్త ఆలస్యంగా అర్థమయింది. కండ్లు చూసింది నిజమే. కానీ గేజిలో ఉన్నది వాన కాదు. అట్లయితే ఈ పెట్టెలో కూడా ఏ బొంత కారిందో? మరునాడే కాలేజీ మిద్దె చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. గది పైన ఆ నెలే పెట్టిన కొత్త నీళ్ళ ట్యాంకు కనపడింది. తునకలు నీళ్ళలో ఇంకిపోతాయని సారు ఒకప్పుడు చెప్పి ఉన్నాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి మూత తీశాడు. లోపల ఒక తొండ, ఎండిపోయిన ఆకులు. బోరు ఎండి మూడు నెలలయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కిందికి దిగాడు కానీ అనుమానం దిగలేదు.

పదకొండో రోజు శ్రీరంగప్ప సారు నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. రిజిస్టరు తెరిచి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బయ్యన్నా, ఈ దినం శుక్రవారం. ఇందులో ఆదివారం అంకెలు కూడా ఉండాయే! ఆదివారం ఇంకా రాలేదు గదయ్యా."

"వస్తుంది సార్. యాడికి పోతుంది?"

సారు జమాల్ సాబ్‌ను పిలిపించి తాళంచెవి ఇప్పించాడు. సూర్యుడికి పదకొండేళ్ళకొకసారి పూనకం వస్తుందని, ఇప్పుడు అదే నడుస్తోందని చెప్పాడు. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తుంటుంది. పూనకం వచ్చినప్పుడు ఆ గాలి తుపానవుతుంది. దూరం నుంచి వచ్చే కిరణాలను ఆ తుపాను వెనక్కి తోసేస్తుంది.

"చెనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలికి ఎదురొస్తుందా? ఇదీ అంతే. సూర్యుడు రేగినప్పుడు కిరణాలు తగ్గుతాయి. నువ్వు రాసింది నిజం. ఆ రెండు దినాల్లో ప్రపంచంలో ఇట్లాంటి పెట్టెల్లో అన్ని చోట్లా అంకెలు తగ్గినాయి. సంజాయిషీలో ఆ ముక్క రాసి పడెయ్."

జమాల్ సాబ్ కదల్లేదు. "ఆ పెట్టెలన్నీ యాడుండాయి సార్?"

"రకరకాల దేశాల్లో."

"భూమ్మీదే గదా?"

"ఇంకెక్కడుంటాయి?"

"అయితే కాదు సార్. ప్రతి ఊర్లో ఒక హబీబా ఉంటుంది."

సారుకు నేను బొంత కథ చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వి నవ్వి, ఆపరేషనైన కంట్లో నీళ్ళు వచ్చి, అద్దాలు తీసి అద్దుకుని, తరువాత గంభీరంగా అన్నాడు: "హబీబా లేని చోటొకటి ఉంది."

1977లో ఎగరేసిన వాయేజర్ అనే నౌకలు రెండు. ఇరవై మూడేళ్ళుగా పోతూనే ఉన్నాయి. సూర్యుడికీ మనకూ ఉన్న దూరానికి అరవై రెట్లకు పైన ఒకటుంది, దానికంటే దూరంలో ఇంకొకటి. గ్రహాలన్నీ దాటిపోయినా సూర్యుడి గాలి మాత్రం ఇంకా వాటికి తగులుతూనే ఉంది. వాటిలోనూ కిరణాలను లెక్కపెట్టే యంత్రాలున్నాయి. మన మీది నుంచి పోయిన తుపాను దగ్గరున్న నౌకను దాటేటప్పుడు అక్కడా కిరణాలు తగ్గాలి.

"తగ్గినాయా?" అన్నాడు జమాల్ సాబ్.

"ఇంకా తుపాను ఆడికి పోలేదప్పా. నీ అత్తగారిది కణేకల్లు గదా. డ్యాము దగ్గర కాలువకు నీళ్ళిడిస్తే కణేకల్లుకు అప్పుడే వస్తాయా?"

"మూడు నాలుగు దినాలు పడుతుంది."

"దీనికి ఆరు నెలలు. జనవరికి చేరుతుంది."

"అయితే జనవరికే సంజాయిషీ ఇస్తా."

శ్రీరంగప్ప సారు బతిమాలాడు, కోప్పడ్డాడు. మార్చి ముప్పై ఒకటికి జమాల్ సాబ్ ఉద్యోగం మళ్ళీ పొడిగించాలి. మెమో తేలకపోతే పొడిగించడానికి వీల్లేదని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. రెండు మాటలు రాసిస్తే అయిపోయే పని. జమాల్ సాబ్ ఒకటే పట్టు: "నాకే నమ్మకం లేని మాట కింద సంతకం ఎట్ల పెట్టేది సార్? తగ్గింది కిరణాలా, బొంతా అని నాకు తెలీల్ల."

ఆగస్టు నుంచి బయ్యన్న రిమైండర్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. జవాబుగా జమాల్ సాబ్ ప్రతిసారీ ఒక్క వాక్యమే రాసిచ్చేవాడు: 'తుపాను దారిలో ఉండాది.' ఆ వాక్యాలన్నీ ఫైల్లో వరుసగా కుట్టి ఉండేవి. నవంబర్లో బయ్యన్న వరండాలో ఆపి అడిగాడు. "యాడిదాకా వచ్చింది సాబూ నీ తుపాను?"

"రాలేదన్నా, పోతాండాది. ఏడో గ్రహం, ఎనిమిదో గ్రహం దారులన్నీ దాటేసింది."

"ఆడ బస్సు మారాల్నా?"

"నేరుగా పోతాది. నీకు మాదిరి మోకాళ్ళ నొప్పి లేదు దానికి."

జనవరి వచ్చింది, పోయింది. జమాల్ సాబ్ తిండి తగ్గించాడు. నౌక చెప్పింది ఇక్కడికి చేరి, వాళ్ళు దాన్ని లెక్కకట్టి, అందరికీ కనపడేట్టు పెట్టేసరికి నెలలు పడుతుందని సారు చెప్పాడు. ఫిబ్రవరంతా ఆయన వారం వారం టౌన్లో ఇంటర్నెట్ సెంటరుకు పోయి వట్టి చేతులతో వచ్చాడు. మార్చిలో నేనే భయపడి, సంజాయిషీ చిత్తుప్రతి ఒకటి మంచి తెలుగులో రాసి తీసుకుపోయాను. జమాల్ సాబ్ చదివి, "బాగుండాది అయ్యవారూ. ఈడ 'నిస్సందేహంగా' అని రాసినావే, అదొక్కటి నా దగ్గర లేదు" అని తిరిగిచ్చేశాడు. హబీబా కుట్టుమిషను బాగుచేయించింది. మళ్ళీ రేడియోల పని, తన జాకెట్ల పని అని ఆమెకు అర్థమైపోయింది.

మార్చి ఇరవై ఆరున శ్రీరంగప్ప సారు మెట్లు రెండేసి ఎక్కుతూ మిద్దె మీదికి వచ్చాడు. నేనూ వెనకే పరిగెత్తాను. చేతిలో ఒక కాగితం, దాని మీద గీత. గీత ఎడమ నుంచి తిన్నగా వచ్చి, ఒక చోట గుంటలో కాలు పడినట్టు కిందికి దిగింది.

"ఇది ఏ తేదీ?" అన్నాడు జమాల్ సాబ్.

"జనవరి రెండో వారం."

సారు చూపించిన చోటును నమ్మలేదు. చెవి మీది పెన్సిలు తీసి, స్కేలు పెట్టి, గడులు తనే లెక్కపెట్టుకున్నాడు. రెండుసార్లు. తరువాత కాగితం సారు చేతికిచ్చి, మాతో ఏమీ అనకుండా మెట్లు దిగి, ఎదురు హోటల్లో రెండు ప్లేట్లు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిని వచ్చాడు. సాయంత్రం ఇంట్లో చెబితే హబీబా, "పోనీలే, ఆడికి పోయి బొంత ఆరేసేటోళ్ళు లేరు గదా" అని మిషను మీద గుడ్డ కప్పిందట.

మరునాడు సంజాయిషీ ఇచ్చాడు. నా చిత్తుప్రతి వాడుకోలేదు. 'గంటకు ఆరు వందల కిరణములను సూర్యుడు తోసివేసినాడు. అదే తుపాను ఆరు నెలల తరువాత వాయేజర్ దగ్గర కూడా తోసివేసినది. ఆ దినము నేను కాలేజీలోనే ఉన్నాను.' ప్రిన్సిపాల్ సంతకం పెట్టి నిట్టూర్చాడు. బయ్యన్న స్టాకు రిజిస్టర్లో ఒక కొత్త గడి గీసి నింపాడు: 'నష్టము: సూర్యుని వలన. రాబట్టుకొను అవకాశము లేదు.' ఉద్యోగం పొడిగించారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అసలు గొడవ ఏప్రిల్లో వచ్చింది. శ్రీరంగప్ప సారు ఈ సంగతి మీద ఒక వ్యాసం రాస్తున్నాడు. తగ్గిన అంకెలు మెల్లగా ఎట్లా కోలుకున్నాయో గీత గీయాలి. కానీ ఆ పది రోజులూ రిజిస్టర్లో ఉన్నది బయ్యన్న ముత్యాలు.

"జమాలూ, అవి కొట్టేసి నువ్వు రాయప్పా. పదకొండు వేల ఆరు నూర్లు, ఏడు నూర్లు, అట్ల పైకి పోయింటాయి. నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నాకు తెలీదు సార్. నేను చూడలేదు."

"వేరే దేశాల అంకెలు ఉండాయి గదా, వాటిని బట్టి..."

"అవి వాళ్ళు చూసినారు. వాళ్ళనే సంతకం పెట్టమను."

"నీ మాట నిజమని ఇంత దూరం పోయి సాక్ష్యం తెచ్చిన మనిషిని నేను! నాకోసం పది దినాలు రాయలేవా?"

"సార్, నువ్వు చెప్పినావని రాస్తే, నీకూ బయ్యన్నకూ తేడా ఏముండాది? ఆయప్ప మోకాళ్ళ నొప్పి మనిషి, పాపం."

సారు వారం రోజులు మాట్లాడలేదు. జమాల్ సాబ్ ఆ వారంలో బయ్యన్న అంకెల మీద ఎర్ర సిరాతో అడ్డగీతలు కొట్టి, రోజుకు నాలుగు చొప్పున నలభైసార్లు 'చూడలేదు' అని రాసి, నలభై సంతకాలు పెట్టాడు. చివరికి వ్యాసం అట్లాగే పోయింది. అచ్చయి వచ్చినప్పుడు చూస్తే, గీత కిందికి దిగి, ఠక్కున ఆగిపోయి, కొంత ఖాళీ తరువాత మళ్ళీ పైన మొదలయింది. దాని నకలొకటి సారే జమాల్ సాబ్‌కు ఇచ్చాడు. ఆయన దాన్ని లామినేషన్ చేయించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

పోయిన సంవత్సరం ఆయనకు గుండె నొప్పి వస్తే నేనే ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు కొత్తగా వచ్చిన చిన్న వయసామె, పద్మప్రియ. పాత రిపోర్టులేమైనా ఉంటే చూపించమంది. జమాల్ సాబ్ జేబులోంచి అదే తీసి ఇచ్చాడు. ఆమె వెలుతురుకు పెట్టి చూసింది. మొహం మారిపోయింది. ఖాళీ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడేమైంది? ఇక్కడ అసలు ఏమీ లేదే!" అంది.

"ఈడ నేను లేనమ్మా" అన్నాడు జమాల్ సాబ్.

ఆమె నా వైపు చూసింది. అది గుండెది కాదని, కిరణాలదని చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుని, కాగితం తిరిగిస్తూ, ఊరికే ఉండలేక అడిగింది: "మరి మధ్యలో ఖాళీ ఎందుకు వదిలేశారు?"

బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. జమాల్ సాబ్ బల్ల మీది నుంచి లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"1991లో నేను కదిరి దిక్కు వాన గేజి చూస్తాంటినమ్మా" అని మొదలుపెట్టాడు.